పేరు మారిన ఫోల్డరును గుర్తించు విధము

ఈ కాలమున పాటలను, ప్రసంగములను, చలనచిత్రములను కంప్యూటరులో భద్రపఱచుకొనుట సర్వసాధారణమైనది. వానిని పరుల కప్పగింపక, తమ యింటనో పాఠశాలయందో యొక యంత్రము నుంచుకొని, తమవారందఱు దానినుండియే వినునట్లును చూచునట్లును చేయు నేర్పాటునకు మీడియా సర్వరని పేరు. 2018వ సంవత్సరమున వెలువడిన జెల్లీఫిన్ ఇట్టిదే. ఇట్టి సర్వరునందు ఫోల్డరులను ఎల్లప్పుడు కనిపెట్టుచుండు భాగమొకటి గలదు. దానిని కావలివాడని పిలుతము. క్రొత్త ఫైలు చేరినను, ఉన్నది పోయినను సర్వరునకు వర్తమానము దెలుపుట వాని పని. వానికి మిక్కిలి చిక్కు తెచ్చునది ఫోల్డరు పేరు మారుట. ఆ చిక్కెట్టిదో, దాని కుపాయమేమో విద్యార్థులకు దెలుపుట మా యుద్దేశము.

"కీర్తనలు" అను ఫోల్డరులో రెండువందల పాటలు గలవనుకొందము. ఏ పాటను ఎవరు ఏ యేట పాడిరో, శ్రద్ధగల యొకరు నెలల తరబడి విని సర్వరులో వ్రాసియుంచిరి. మఱియొకరు ఆ ఫోల్డరు పేరును "ఆరాధన కీర్తనలు" అని మార్చిరి. సర్వరు ఫైలుండు దారిని బట్టియే పాటను గుర్తుంచుకొనునదైనచో, పాతదారి కానరాదు గనుక పాటలు నశించెనని తలంచి, వానితోగూడ ఆ వ్రాతల నెల్ల కొట్టివేయును. పిదప క్రొత్తపాటలు వచ్చెనని మరల లెక్క వ్రాసికొనును. పాట యొక్కటియు పోలేదు; పోయినది మనుష్యుని శ్రమ.

మన పాఠశాల రిజిష్టరును చూడుడు. బాలుని పేరు దిద్దవలసి వచ్చినప్పుడు వానిని కొట్టివేసి క్రొత్తగా చేర్చుకొనుట లేదు. పేరు మారినను అడ్మిషను నంబరు మారదు గదా! అట్లే లినక్సునందు ప్రతి ఫైలునకును, ఫోల్డరునకును ఐనోడు సంఖ్య యనునది గలదు. డిస్కుయొక్క ఒకే విభాగములో పేరు మార్చినను, చోటు మార్చినను ఆ సంఖ్య మారదు.

2005వ సంవత్సరమున లినక్సు కెర్నెలు 2.6.13తో ఐనోటిఫై అను సాధనము చేరినది. పేరు మారినప్పుడు ఇది కావలివానికి రెండు వార్తలు పంపును: పాతపేరు విడువబడెననునది యొకటి, క్రొత్తపేరు వచ్చెననునది మఱియొకటి. రెండింటిపైనను కుకీ యను నొకే గుర్తుసంఖ్య యుండును. అయితే వాని నడుమ వేఱు వార్తలు చొరవచ్చును. కావున మొదటిది రాగానే తొందరపడక, క్షణకాలము వేచి, దాని జత వచ్చెనా యని చూడవలయును. వచ్చినచో పేరో చోటో మారినదన్నమాట. రానిచో ఫోల్డరు కావలి హద్దు దాటి వెడలినది. రెండవది మాత్రమే వచ్చినచో వెలుపలినుండి వచ్చినది. మఱియు లోపలి ఒక్కొక్క ఫైలును గూర్చి వేఱుగ వార్త రాదు. సర్వరే తన పట్టికలో ఆ రెండువందల దారులను దిద్దుకొనవలయును.

సర్వరు ఆగియున్నప్పుడు జరిగిన మార్పులకు వార్తలుండవు. వార్తలు మితిమీరి వచ్చినప్పుడు కొన్ని జారిపోవును. నెట్వర్కు ద్వారా కలుపబడిన డిస్కులో వేఱొక యంత్రము చేసిన మార్పులను ఐనోటిఫై ఎఱుగదు. అట్టి యెడల ఫోల్డరులన్నిటిని మరల చూచి, పూర్వము వ్రాసికొన్న ఐనోడు సంఖ్యలతో పోల్చవలయును. ఈ సంఖ్యయు సర్వవిధముల నమ్మదగినది కాదు. వేఱు డిస్కునకు తరలిన ఫైలునకు క్రొత్తసంఖ్య వచ్చును. చెరిపివేయబడినదాని సంఖ్య మఱియొకదానికి దొరకవచ్చును. కావున ఫైలు పరిమాణమును, కడపటి మార్పు జరిగిన కాలమును గూడ సరిచూచుట మేలు. అప్పటికిని సందేహము తీరనిచో, కానరాలేదని మాత్రము గుర్తువేసి, వ్రాతలను కొన్నిదినములు భద్రముగ నుంచవలయును.

అబ్రాము అబ్రాహామైనను, యాకోబు ఇశ్రాయేలైనను వారికి చేయబడిన వాగ్దానము కొట్టివేయబడలేదు. మన విద్యార్థులలో ముందు ప్రోగ్రాములు వ్రాయబోవువారు దీనిని మనస్సున నుంచుకొందురు గాక. క్రొత్తదానిని చేర్చుకొనుటకు తొందరపడినను దోషము స్వల్పమే. ఉన్నదానిని పోయినదని నిర్ణయించుటకు మాత్రము తొందరపడరాదు.