హైరాక్సు జాతినిర్ణయము

జంతువునకుఁ బేరు పెట్టుట వేఱు. జాతిని నిర్ణయించుట వేఱు. ఈ రెంటికిని గల భేదమునకు హైరాక్సు మంచి నిదర్శనము. ఇది ఆఫ్రికాయందును, పాలస్తీనా, సిరియా, అరేబియా దేశములందును ఱాతిసందులలో గుంపులుగా నివసించు చిన్నజంతువు. తోక కనఁబడదు; చెవులు పొట్టివి; బరువు ఇంచుమించు నాలుగు కిలోగ్రాములు. మన దేశమున నిది లేదు. కావునఁ దెలుఁగున దీనికి సొంత పేరును లేదు.

హీబ్రూభాషలో దీనిని ‘షాఫాన్’ అందురు. ఈ జంతువు నెఱుఁగని దేశములలోని అనువాదకులు తమకుఁ దెలిసినవానిలో దీనిని పోలిన జంతువు పేరు గ్రహించిరి. 1611 నాఁటి ఆంగ్ల బైబిలులోని ‘కోనీ’ కుందేటి జాతికిఁ జెల్లు పదము. తెలుఁగు బైబిలులోని ‘పొట్టి కుందేలు’ను ఇట్టిదే.

శాస్త్రజ్ఞులును మొదట ఆకారమునే చూచిరి. జర్మను పండితుఁడగు పల్లాస్ 1766లో దీనిని గినీపందులతోఁ జేర్చి ‘కేవియా కేపెన్సిస్’ అనెను. 1780లో ష్టోర్ దీనిని వేఱుపఱచి ‘ప్రొకేవియా’ అని పేరిడెను. ‘హైరాక్సు’ అను గ్రీకు పదమునకుఁ జుంచెలుక యని యర్థము. పిమ్మట కూవియే దవడపండ్లను పరీక్షించి, ఇవి ఖడ్గమృగముయొక్క పండ్లను పోలియున్నవని చూపెను. 1869లో హక్స్లీ దీనికి ‘హైరకోయిడియా’ అను ప్రత్యేకగణమును గల్పించెను.

కుందేటికి మీఁది దవడయందు ముందుపండ్లు రెండు జతలు, ఒకదాని వెనుక నొకటి యుండును. హైరాక్సునకు ఒక్క జతయే. అది యెడతెగక పెరుగును. ఏనుఁగు దంతములును మీఁది ముందుపండ్లే. ‘దంతి’, ‘ద్విరదము’ అను నామములకు మూలమైన లక్షణమే యీ చిన్నజంతువునందును గలదు. దీని ముంగాళ్లకు నాలుగేసి, వెనుకకాళ్లకు మూఁడేసి వ్రేళ్లు. గోళ్లు చిన్న గిట్టలవలె నుండును. వెనుకకాలి లోపలి వ్రేలికి మాత్రము వంకరగోరు గలదు. మగదాని వృషణములు ఏనుఁగునకువలె ఉదరమునందే యుండును. కుందేలు నెలదినములకే యీనఁగా, ఇది యేడు నెలలకుఁ బైగా గర్భము మోయును.

అయినను కొందఱు దీనిని గుఱ్ఱము, ఖడ్గమృగములతోడనే చేర్చుచు వచ్చిరి. 1990 తరువాత జన్యుద్రవ్యపరీక్ష యీ వివాదమును దీర్చెను. ఏనుఁగులును, డుగాంగు మొదలగు జలచరములును దీనికి సమీపబంధువులని తేలినది. 1998లో ఈ వర్గములను, మఱికొన్ని ఆఫ్రికాజంతువులను జేర్చి ‘ఆఫ్రోథీరియా’ అనిరి. అంతమాత్రమున హైరాక్సు ఏనుఁగునకుఁ బూర్వజము కాదు. రెండును ఏకమూలమునుండి అయిదుకోట్ల యేండ్లకుఁ బూర్వమే విడిపోయినవి. ఈజిప్టులోని ఫయూము ప్రాంతమున దొరకిన శిలాస్థులవలనఁ బూర్వకాలమున హైరాక్సులలో మిక్కిలి పెద్దవియు నుండెనని తెలియుచున్నది.

ప్రాచీనానువాదములందలి పదమును దిద్ద నక్కఱలేదు. అది యాకాలపు సాధనముల కనుగుణమైనది. కాని పాఠము చెప్పునప్పుడు ‘పొట్టి కుందేలు’ అనఁగాఁ గుందేలని యూరకుండరాదు. హైరాక్సు అను పేరు చెప్పి, పండ్లను, గిట్టలను వర్ణించినచో విద్యార్థికి శబ్దముతోడ వస్తుజ్ఞానమును గలుగును.