పబ్బులో ప్రశ్నలు, ప్లేట్లో శాండ్‌విచ్‌లు

పబ్బు అనగానే మొహం చిట్లించకండి! ఇంగ్లండులో మా చెల్లెలు వారానికోసారి అక్కడికెళ్ళేది క్విజ్ లీగ్ కోసం. 1976లో బర్న్స్, పోర్టర్ అనే ఇద్దరు, బేరాల్లేని రాత్రుల్లో జనాన్ని రప్పించడానికి పబ్బుల్లో క్విజ్‌లు పెట్టించారట. వీళ్ళ లీగులో జట్టుకి నలుగురు. సొంతంగా చెబితే 2 మార్కులు, జట్టువాళ్ళు అందిస్తే 1, తప్పితే ఆ 1 అవతలివాళ్ళు ఎగరేసుకుపోతారు.

నేను చూసిన రోజు స్కోరు సమానం. ఆఖరి ప్రశ్న చెల్లెలిదే. "ఇంగువ మొక్కలో ఏ భాగం నుంచి వస్తుంది?" ఇరవై ఏళ్ళుగా పులిహోరలో వేస్తూ కూడా "గింజ" అనేసింది! అవతలి జట్టు బామ్మగారు "వేరు నుంచి కారే పాలు" అన్నారు. అంతే, ఓటమి. (నాకూ తెలీదు లెండి.)

ఆట తమ పబ్బులోనే కాబట్టి శాండ్‌విచ్‌లు పెట్టాల్సిందీ చెల్లెలి జట్టే. బామ్మగారు రెండు తిని, "మా పబ్బుకొచ్చేప్పుడు కాస్త ఇంగువ తెచ్చిపెట్టమ్మా, నేనెప్పుడూ చూడలేదు" అన్నారు.