మీటని గాంధారం

తంబురాకు నాలుగే తీగలు. ఒకటి పంచమం, రెండు సారణి షడ్జాలు, చివరిది మంద్ర షడ్జం. గాంధారానికంటూ తీగ లేదు. అయినా శ్రుతి బాగా కుదిరిన తంబురాను నిదానంగా మీటుతూ వింటే, నాదంలోంచి గాంధారం తేలి వస్తుంది. దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. కొత్తగా చేరిన పిల్లలకు అది పట్టదు, సాధన ముదిరాక పడుతుంది. స్వరజ్ఞానం ఎలా వస్తుందో తెలుసుకోవాలంటే ఈ గాంధారం దగ్గర మొదలుపెట్టడం మేలు.

తీగలో దాగినవి

మీటిన తీగ ఒక్క పౌనఃపున్యంతో ఆగదు. లెక్క తేలికగా ఉండటానికి మంద్ర షడ్జం సెకనుకు 60 కంపనాలు అనుకుందాం. దానితోపాటు 120, 180, 240, 300 కూడా పలుకుతాయి. వీటినే భౌతికశాస్త్రంలో అనుస్వరాలంటారు. 240ని షడ్జం అనుకుంటే, దానికి ఒకటింపావు రెట్లున్న 300 అంతర గాంధారం. 90 కంపనాల పంచమం తీగలో మూడో అనుస్వరం 270. అది చతుశ్శ్రుతి రిషభం.

ఈ అనుస్వరాలను ఆరిపోకుండా నిలబెట్టేవి తంబురా బ్రిడ్జి వంపు, తీగ కింద దూర్చే జీవ దారం. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో దీని మీద పరిశోధన పత్రం రాశారు. తీగను మీటిన చోట ఏ అనుస్వరానికి నిశ్చల బిందువు ఉంటుందో అది పలకకూడదని పాత సూత్రం. తంబురాలోనూ వీణలోనూ అదీ గట్టిగానే పలుకుతోందని రామన్ చూపించారు.

చెవి చేసే పని, మెదడు చేసే పని

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కోక్లియాను విప్పితే సుమారు 35 మిల్లీమీటర్లు ఉంటుంది. హెచ్చు స్థాయి శబ్దాలకు దాని మొదలు, తగ్గు స్థాయికి కొస స్పందిస్తాయి. కాబట్టి ఆ 300 కొత్తగా చేరిన పిల్లవాడి చెవికీ చేరుతోంది. కానీ మెదడు అనుస్వరాలన్నిటినీ మూటకట్టి ఒకే ధ్వనిగా అందిస్తుంది. సాధన అంటే ఆ మూట విప్పడం మెదడుకు అలవాటు చేయడమే.

ఏ ఆధారమూ లేకుండా విన్న స్వరాన్ని గుర్తుపట్టగలవాళ్లు అరుదుగా ఉంటారు. కర్ణాటక సంగీతానికి ఆ వరం అక్కర్లేదు. మగవాళ్లు ఒకటో శ్రుతి దగ్గర, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర పాడుకుంటారు. ఎక్కడ పెట్టుకున్నా షడ్జం షడ్జమే. పట్టుకోవాల్సింది దాని నుంచి మిగతా స్వరాల దూరం. హార్మోనియం మీద మోహనం మెట్లనే ఉంచి, రిషభాన్ని షడ్జంగా భావిస్తే మధ్యమావతి వస్తుంది. గాంధారాన్ని అనుకుంటే హిందోళం. మెట్లు అవే, ఆధారం మారింది, రాగం మారింది.

బెజవాడ బాణీ

త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి దగ్గర నేర్చుకున్న పారుపల్లి రామకృష్ణయ్య పంతులు బెజవాడలో ఎందరినో తయారుచేశారు. ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల ప్రాయంలో ఇక్కడే కచేరీ చేశారు. తర్వాత 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారు, విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన కల్పించిన మహతి రాగంలో ఉన్నవి స, గ, ప, ని మాత్రమే. వాటిలో మొదటి మూడూ తంబురా తనంతట పలికేవే.

గురుముఖంగా నేర్చే పాఠాల వెనక శాస్త్రం ఉంది. సరళి వరుసలు పక్కపక్క స్వరాల దూరాన్ని, దాటు వరుసలు దూకుడును నేర్పుతాయి. మాయామాళవగౌళలో మధ్యమాన్ని ఒక్కదాన్నే మారిస్తే 15వ మేళం 51వదైన కామవర్ధిని అవుతుంది. రెండూ వెంటవెంటనే అకారంలో పాడి, తేడా ఎక్కడో శిష్యుడి చేత చెప్పించడం మంచి పరీక్ష.

వన్ టౌన్‌లో సాధన

కీబోర్డు పెట్టుకుని పాడే పిల్లలు ఒక సంగతి గమనించాలి. షడ్జం 240 అయితే కీబోర్డు గాంధారం సుమారు 302.4. తంబురా గాంధారం 300. రెండూ కలిసి మోగితే సెకనుకు రెండుసార్లకు పైగా నాదం ఉబ్బి తగ్గుతుంది. వీటిని విస్పందనాలంటారు. తంబురా శ్రుతి చేసేవాళ్లు పూసలు జరుపుతూ వినేది ఈ ఊగులాట ఆగడం కోసమే. గాంధారం నేర్వడానికి తంబురాయే గురువు.

విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర నిశ్శబ్దం కోరుకుంటే సాధన సాగదు. ఆ రొదనే పాఠం చేసుకోవచ్చు. మనసులో షడ్జం పట్టుకుని ఆటో హారన్, గుడి గంట, కుక్కర్ విజిల్ ఏ స్వరం దగ్గర పడుతున్నాయో పోల్చి చూడాలి. ఇంట్లో ఇంకో పరీక్ష ఉంది. శ్రుతిపెట్టెతో వర్ణం మొదలుపెట్టి, పల్లవి కాగానే పెట్టె ఆపేయాలి. ముక్తాయిస్వరం దాకా పాడి, చివరి షడ్జాన్ని నిలిపి ఉంచి మళ్లీ పెట్టె వేయాలి. రెండు షడ్జాలూ కలిసిపోతే సరే. ఊగులాట వినబడితే గొంతు జారిందన్నమాట. జారడం పైకా కిందికా అన్నది కూడా తెలిసిందంటే చెవి దారిలో పడినట్టే.