స్వల్ప వైకల్యం గల విద్యార్థుల బోధనకు ఉపాధ్యాయుల సన్నద్ధత

(ప్రత్యేక వ్యాసం)

శంషాబాద్, రంగారెడ్డి జిల్లా: చక్రాల కుర్చీలో పాఠశాలకు వచ్చే బాలుని అవసరం అందరి కంటా పడుతుంది. నల్లబల్లపై అక్షరాలు మసకగా కనిపించే బాలిక, ఉపాధ్యాయుని మాటల్లో సగమే వినబడే బాలుడు, ఎంత శ్రమించినా చదవటంలో వెనుకబడే విద్యార్థి మాత్రం ఎవరి దృష్టికీ రారు. 'మొద్దు', 'సోమరి' అన్న పేరు వారికి త్వరగా వస్తుంది. ఆ పేరుతోనే ఏడవ, ఎనిమిదవ తరగతుల్లో బడికి దూరమయ్యే ప్రమాదమున్నది. ఈ ప్రమాదాన్ని మొదట పసిగట్టగలిగే అవకాశం ప్రతి దినము ఆ పిల్లల ఎదుట నిలిచే తరగతి ఉపాధ్యాయునికే ఉన్నది. అందుచేతనే స్వల్ప వైకల్యం గల విద్యార్థుల విషయంలో ప్రత్యేక ఉపాధ్యాయులనే గాక, సాధారణ ఉపాధ్యాయులందరినీ సన్నద్ధులను చేయటం అత్యావశ్యకం.

చట్టం చెప్పినదేమి?

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించినది. దాని స్థానంలో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఈ సంఖ్యను 21కి పెంచినది. 2017 ఏప్రిల్ 19 నుండి ఈ చట్టం అమలులోకి వచ్చినది. డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలకు చట్టబద్ధమైన గుర్తింపు లభించినది దీని ద్వారానే.

ఇక్కడ ఒక ముఖ్యాంశమును గమనించవలసి ఉన్నది. చట్టంలోని పలు ప్రయోజనాలు 40 శాతం, ఆపైన వైకల్యం గలవారికి వర్తిస్తాయి. 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్య కల్పించే 31వ సెక్షన్ కూడా ఈ కోవలోనిదే. సదరం శిబిరంలో అంతకన్న తక్కువ శాతం నమోదైన బాలునికి ఈ ప్రయోజనాలు అందవు. అయితే అదే చట్టంలోని 16వ సెక్షన్ విద్యాసంస్థలకు విధించిన బాధ్యతను 40 శాతానికి ముడిపెట్టలేదు. అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధనా పద్ధతులను చేపట్టవలసినదిగా ఆ సెక్షన్ ఆదేశిస్తున్నది. 17వ సెక్షన్ ప్రకారం ప్రతి ఐదేళ్ళకొకసారి బడి పిల్లల సర్వే జరగాలి. సమ్మిళిత విద్యకు తోడ్పడే సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. అనగా ధృవపత్రం లేదన్న కారణంతో తరగతి గదిలోని సహాయాన్ని వాయిదా వేయటానికి వీలులేదు.

2018 జనవరి 4న కేంద్ర ప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాలు అభ్యసన వైకల్యాల ప్రాథమిక పరిశీలనను మూడవ తరగతిలో గాని, ఎనిమిదేళ్ళ వయసులో గాని, ఏది ముందైతే అప్పుడు ఉపాధ్యాయులే జరపాలని నిర్దేశించినవి. ఇందుకై ప్రధానోపాధ్యాయుని అధ్యక్షతన ప్రతి పాఠశాలలోనూ ఒక కమిటీ ఉండాలని సూచించినవి.

శంషాబాద్ పరిసరాల ప్రత్యేకత

2008 మార్చి 23న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి విమానాల రాకపోకలు ప్రారంభమైన పిదప శంషాబాద్ ప్రాంతం రూపురేఖలు మారిపోయినవి. వలస కుటుంబాలు ఇతర జిల్లాల నుండే గాక, ఇతర రాష్ట్రాల నుండి కూడా ఇక్కడకు చేరుకుంటున్నవి. ఫలితంగా తెలుగు, ఉర్దూ, లంబాడీ, హిందీ, ఒడియా వంటి వేర్వేరు భాషలు ఇంట మాట్లాడే పిల్లలు ఒకే తరగతిలో కూర్చునే పరిస్థితి ఏర్పడినది.

ఇట్టి తరగతిలో ఉపాధ్యాయుడు రెండు విధాల పొరబడవచ్చును. తెలుగు రాని బాలుని మేధో వైకల్యం గలవానిగా భావించటం మొదటిది. నిజంగా అభ్యసన వైకల్యం గల బాలుని గురించి 'భాష రాదు, అదే వస్తుంది' అని సరిపెట్టుకోవటం రెండవది. ఈ రెండింటినీ వేరుపరచే మార్గం తల్లిదండ్రులతో మాట్లాడటమే. ఇంటి భాషలో బాలుడు కథ చెప్పగలడా? వెనుక నుండి పిలిస్తే తిరుగుతాడా? కొట్టుకు పంపితే చిల్లర సరిచూసి తెస్తాడా? ఇంటి భాషలోనూ ఇవే ఇబ్బందులున్నచో నిపుణుల పరీక్షకు పంపాలి. లేనిచో కావలసినది భాషలో సహాయమే.

చప్పుడు కూడా ఆలోచించదగిన విషయమే. 1992లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పాత విమానాశ్రయాన్ని మూసి కొత్తదానిని తెరచిన సందర్భంలో పరిశోధకులు రెండు ప్రాంతాల పిల్లలను పరిశీలించారు. కొత్త విమానాశ్రయం సమీపంలోని పిల్లలలో జ్ఞాపకశక్తి, పఠనం దెబ్బతినగా, పాతదాని సమీపంలోని పిల్లలలో మెరుగుపడినవి. ఈ ఫలితాలు 2002లో ప్రచురితమైనవి. మామూలు వినికిడి గల పిల్లలకే ఇట్లున్నప్పుడు, స్వల్ప వినికిడి లోపం గల విద్యార్థికి విమానం వెళ్ళే క్షణంలో చెప్పిన వాక్యం అందకపోవటంలో ఆశ్చర్యం లేదు. చప్పుడు తగ్గేవరకు ఆగి, ఆ వాక్యాన్ని తిరిగి చెప్పటానికి ఖర్చేమీ కాదు; అలవాటు చాలు.

శిక్షణకు గల ఏర్పాట్లు

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.ఇడి. కోర్సు రెండేళ్ళకు పెరిగినది. సమ్మిళిత పాఠశాల గురించిన పాఠ్యాంశం అందులో చేరినది. సర్వీసులోని ఉపాధ్యాయులకై 2019లో ప్రారంభమైన 'నిష్ఠ' కార్యక్రమంలోనూ సమ్మిళిత విద్యకు చోటు కల్పించారు. 21 రకాల వైకల్యాల ప్రాథమిక పరిశీలనకై ఎన్.సి.ఇ.ఆర్.టి. రూపొందించిన 'ప్రశస్త్' యాప్ 2022లో అందుబాటులోకి వచ్చినది.

ప్రత్యేక విద్యలో ఉపాధ్యాయులను తీర్చిదిద్దే జాతీయ స్థాయి సంస్థ జంటనగరాలలోనే ఉండటం ఈ ప్రాంతానికి కలిసివచ్చే అంశం. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేడు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థగా కొనసాగుతున్నది. మండల స్థాయిలో భవిత కేంద్రాలు, వాటిలోని రిసోర్సు పర్సన్లు పాఠశాలలకు అండగా ఉన్నారు.

అయినను ఒక పాఠ్యాంశం చదివినంత మాత్రాన, యాప్‌లో ప్రశ్నలకు జవాబులు నింపినంత మాత్రాన ఉపాధ్యాయుడు సన్నద్ధుడు కాలేడు. భవిత కేంద్రంలో కొన్ని దినములు గడపటం, రిసోర్సు పర్సన్ సమక్షంలో తన తరగతిలోనే పాఠం చెప్పి లోపాలు దిద్దుకోవటం శిక్షణలో భాగం కావాలి.

తరగతి గదిలో చేయదగినవి

తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు పట్టుబడటానికి కొన్నేళ్ళు పడుతుంది. రెండవ తరగతి బాలుడు 'ప'ను 'వ'గా చదివినంత మాత్రాన వైకల్యమని అనుకోరాదు. తగిన బోధన జరిగిన తరువాత కూడా నాలుగవ తరగతిలో అవే తప్పులు కొనసాగుతూ, పఠనం మరీ నెమ్మదిగా ఉండి, నోటితో అడిగితే మాత్రం చక్కగా సమాధానమిచ్చే బాలుని విషయంలో అనుమానించాలి. అట్టివానికి నోటి పరీక్ష, అదనపు సమయం ఎంతో ఉపకరిస్తాయి.

స్వల్ప వినికిడి లోపం గలవారిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, నల్లబల్ల వైపు గాక వారి వైపు తిరిగి మాట్లాడాలి. చూపు తక్కువ గలవారికి పెద్ద అక్షరాలు, తగిన వెలుతురు అవసరం. స్వల్ప మేధో వైకల్యం గలవారికి ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, వస్తువులతో చూపించి, పలుమార్లు చేయించాలి. నత్తి గల బాలుడు మాట పూర్తిచేసేవరకు ఓపిక పట్టాలి. అతని మాటను మరొకరు పూర్తిచేయరాదు.

అన్నిటికన్న మించినది ఒక హద్దు. ఉపాధ్యాయుడు గమనించి నమోదు చేయగలడే గాని, వైకల్యాన్ని నిర్ధారించలేడు. ఆ పని నిపుణులది.

అధికారులకు, పాత్రికేయులకు

ప్రత్యేక ఉపాధ్యాయుల కొరతపై సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న తీర్పునిచ్చినది. అవసరమైన పోస్టులను నోటిఫై చేసి భర్తీ చేయవలసినదిగా 2025 మార్చి 7న రాష్ట్రాలను ఆదేశించినది. ఈ నియామకాలు ఎంతైనా అవసరం. కాని ప్రత్యేక ఉపాధ్యాయుడు వచ్చినను, బాలుడు ఎక్కువ సమయం గడిపేది తరగతి ఉపాధ్యాయుని వద్దనే. పాఠశాలల తనిఖీకి వెళ్ళే అధికారులు నమోదు పట్టికతో సరిపెట్టక, గుర్తించిన బాలునికై బోధనలో ఏ మార్పు జరిగినదని ప్రశ్నించటం మేలు. వలస కుటుంబాలు నడి సంవత్సరంలో తరలిపోయే ఈ ప్రాంతంలో, ఉపాధ్యాయుడు వ్రాసుకొన్న పరిశీలన బదిలీ ధృవపత్రంతో పాటు కొత్త పాఠశాలకు చేరాలి. లేనిచో అక్కడ అంతా మొదటికి వస్తుంది.

పాత్రికేయ మిత్రులు ఇట్టి బాలల పేర్లు, ఫోటోలు వెల్లడించకుండుటయు, 'మందబుద్ధి' వంటి పదాలను పరిహరించుటయు సముచితం. ఎన్ని శిబిరాలు జరిగినవన్న లెక్కతో పాటు, శిబిరంలో గుర్తించిన బాలుడు మరుసటి ఏడాది ఏ తరగతిలో ఉన్నాడన్న విషయాన్ని కూడా వెలికితీసినచో ప్రజలకు, ప్రభుత్వానికి మేలు కలుగుతుంది.

స్వల్ప వైకల్యానికి స్వల్ప సహాయమే చాలు. కాని అది సకాలంలో అందాలి. ఆ సకాలాన్ని గుర్తించే దృష్టిని ఉపాధ్యాయునికి కలిగించటమే శిక్షణ యొక్క పరమార్థం.