తాహితి దిబ్బమీద విరిగే కెరటం

పసిఫిక్ మహాసముద్రం నట్టనడుమ, భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 17 డిగ్రీల దూరాన, ఫ్రాన్సు దేశానికి చెందిన తాహితి ద్వీపం ఉన్నది. ఒక పెద్ద అగ్నిపర్వతమూ, ఒక చిన్న అగ్నిపర్వతమూ సన్నని మెడవంటి నేలతో కలిసి ఈ ద్వీపం ఏర్పడినది. చిన్నదాని నైరుతి తీరాన, సముద్రం వెంట వచ్చిన రోడ్డు ముగిసేచోట, తెయహుపోఓ అనే పల్లె ఉన్నది. ఆ పల్లె ఒడ్డున నీరు మన చెరువు నీటివలె నిలకడగా ఉంటుంది. అర కిలోమీటరు అవతల మాత్రం ఒక తెల్లని నురుగు గీత కనిపిస్తుంది. ఆగి ఆగి ఉరుము వంటి ధ్వని వినిపిస్తుంది. అక్కడ నీటి అడుగున పగడపు దిబ్బ ఉన్నది. దానిమీద విరిగే కెరటమే ఈ వ్యాసానికి విషయం.

2024లో పారిస్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, పలకపై నిలబడి కెరటాలమీద స్వారీ చేసే పోటీ, అనగా సర్ఫింగు, పారిస్‌కు 15,700 కిలోమీటర్ల దూరాన ఈ పల్లె ఎదుట జరిగింది. ఫ్రాన్సుకు స్వంత తీరంలో కెరటాలు లేక కాదు. ఐతే జూలై, ఆగస్టు నెలలలో అక్కడి సముద్రం తరచు చప్పగా ఉంటుంది. తాహితికి అదే కెరటాల కాలం.

ఎత్తులో ఈ కెరటం ప్రపంచంలో మొదటిది కాదు. పోర్చుగల్ దేశంలోని నజరే వద్ద 2020లో ఒకరు స్వారీ చేసిన కెరటం ఎత్తు 26.21 మీటర్లని లెక్కగట్టారు. తాహితి కెరటం అందులో సగం కూడ ఉండని రోజులే ఎక్కువ. అయినా నజరేను చూచి వచ్చినవారు సైతం ఇక్కడ నీటిలో దిగడానికి జంకుతారు. ప్రమాదం ఎత్తులోనే ఉన్నదనుకోవడం పొరపాటు. కెరటం తన శక్తిని ఎంత దూరంలో, ఎంత లోతు నీటిలో వదలుతున్నదనేదే అసలు ప్రశ్న.

ఆ శక్తి తాహితిలో పుట్టినది కాదు. న్యూజిలాండ్‌కు దక్షిణంగా, అంటార్కిటికా వరకు, అడ్డు నిలిచే భూమి లేని సముద్రం ఉన్నది. మనకు వేసవి ముగిసి వానలు వచ్చే నెలలలో అక్కడ శీతకాలం. తుఫానులు ఒకదాని వెనుక ఒకటి తిరుగుతూ నీటిని రోజుల తరబడి ఒకే దిక్కుకు తోస్తాయి. ఆ తుఫానులనుండి బయటపడిన కెరటాలు గాలితో పనిలేకుండ తమంతట తామే ప్రయాణం చేస్తాయి. ఒక శృంగం వెనుక మరొక శృంగం 16 సెకండ్లకు వచ్చే కెరటాన్ని తీసుకొందాము. లోతైన నీటిలో దాని తరంగదైర్ఘ్యం సుమారు 400 మీటర్లు. శృంగపు వేగం సెకండుకు 25 మీటర్లు, అనగా గంటకు 90 కిలోమీటర్లు. ఐతే కెరటాల గుంపు మొత్తంగా కదిలే వేగం ఇందులో సగమే. గుంపు ముందున్న శృంగం క్రమంగా అణగిపోతుంది, వెనుక కొత్తది లేస్తుంది. నిశ్చలమైన చెరువులో రాయి వేసి ఓపికగా చూచే విద్యార్థికి ఇది కంటికే తెలుస్తుంది. ఈ లెక్కన తుఫాను 4,000 కిలోమీటర్ల దూరాన ఉంటే కెరటాలు తాహితి చేరడానికి నాలుగు రోజులు కావాలి. 12 సెకండ్ల కెరటాలకు ఐదు రోజులు పడుతుంది. కాబట్టి పొడుగైనవి ముందు వస్తాయి, పొట్టివి వెనుక వస్తాయి. ఇంత దూరం వచ్చినా అవి కోల్పోయే శక్తి కొద్దిపాటిదే. 1963లో వాల్టర్ మంక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి న్యూజిలాండ్ మొదలు అలాస్కా వరకు కొలత కేంద్రాలు నెలకొల్పి, దక్షిణపు తుఫానులలో పుట్టిన కెరటాలు పసిఫిక్ సముద్రాన్ని ఆ కొసనుండి ఈ కొసకు దాటడం కనిపెట్టాడు.

హిందూ మహాసముద్రంలోనూ ఇట్లాగే జరుగుతుంది. గాలి, వాన ఏమీ లేని నిర్మలమైన రోజున దక్షిణపు కెరటాలు కేరళ తీరాన్ని ముంచెత్తడం కద్దు. అక్కడి బెస్తలు దీనిని కళ్ళక్కడల్, అనగా దొంగ సముద్రం, అంటారు. దాని రాకను ముందుగా లెక్కగట్టి హెచ్చరించే జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, సముద్రమే లేని హైదరాబాదు నగరంలో ఉండడం ఒక వింత.

రెండు మీటర్ల ఎత్తుగల అటువంటి కెరటం తన శృంగంలో ప్రతి మీటరు పొడవునకు 60 కిలోవాట్లకు పైగా సామర్థ్యాన్ని మోసుకొని వస్తుంది. ఒక చిన్న మోటారుకారు ఇంజను పూర్తి బలంతో చేసే పని అది. తీరం చేరిన తరువాత ఇదంతా ఎక్కడో ఖర్చు కావాలి గదా!

విశాఖపట్నం వంటి ఇసుక తీరాన ఈ ఖర్చు నిదానంగా జరుగుతుంది. తీరంనుండి పదుల కిలోమీటర్ల దూరం వరకు లోతు తక్కువైన ఖండపు అంచు పరచుకొని ఉన్నది. కెరటం తన తరంగదైర్ఘ్యంలో సగానికి తక్కువ లోతు వచ్చినప్పటి నుండి నేలను గుర్తిస్తుంది. అక్కడినుండి దాని వేగం తగ్గుతుంది, కొంత శక్తి దారిలోనే పోతుంది. ఒడ్డు చేరబోయేటప్పుడు నేల 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేస్తున్నదనుకొందాము. రెండు మీటర్ల కెరటం సుమారు రెండున్నర మీటర్ల లోతులో విరగడం మొదలుపెట్టి, 125 మీటర్ల దూరం నురుగు కక్కుతూ, మెల్లగా కరిగిపోయి మన కాళ్ళు తడుపుతుంది.

తాహితికి అటువంటి అంచు లేదు. అది సముద్రపు అడుగునుండి నిలువుగా లేచిన అగ్నిపర్వతం. దాని చుట్టూ పగడపు పురుగులు కట్టిన దిబ్బ ఒక గోడవలె నిలిచి ఉన్నది. కెరటం గంటకు పదుల కిలోమీటర్ల వేగంతో లోతైన నీటిలోనుండి వచ్చి, దాదాపు హెచ్చరిక లేకుండ, మనిషి ఎత్తుకు మించని లోతులో అడుగుపెడుతుంది.

అప్పుడు ఏమవుతుంది? అడుగు నీరు నేలకు రాచుకొని వెనుకబడుతుంది, పై నీరు ముందుకు దొర్లుతుంది అని తరగతులలో తరచు చెబుతారు. వినడానికి బాగున్నా, రాపిడి ఇక్కడ ముఖ్య కారణం కాదు. లోతు తక్కువైన నీటిలో కెరటపు వేగం లోతుయొక్క వర్గమూలాన్ని అనుసరించి ఉంటుంది. ద్రోణి దగ్గర నీరు ఒక మీటరు, శృంగం దగ్గర నాలుగు మీటర్లు ఉంటే, ద్రోణి వేగం సెకండుకు 3 మీటర్లు, శృంగపు వేగం 6 మీటర్లు. వెనుక ఉన్నది ముందున్నదానికంటె రెట్టింపు వేగంతో పరుగెడితే దానిమీద పడక తప్పదు. నేల నెమ్మదిగా లేస్తే ఈ పడిపోవడం కొంచెం కొంచెంగా జరుగుతుంది. ఒక్కసారిగా లేస్తే శృంగం ముందుకు విసరివేయబడి, గాలిలో వంగి, కింద ఒక సొరంగాన్ని వదలి పడుతుంది.

ఈ భేదాన్ని కొలవడానికి స్పెయిన్ ఇంజనీరు ఇరిబారెన్ పేరుతో ఒక సంఖ్య ఉన్నది. కెరటపు ఎత్తును లోతు నీటిలోని తరంగదైర్ఘ్యంతో భాగించి, వర్గమూలం తీసి, దానితో నేల వాలును భాగించాలి. ఫలితం 0.5కు తక్కువైతే కెరటం నురుగుగా జారుతుంది. అంతకు మించి సుమారు 3.3 వరకు సొరంగంగా వంగి పడుతుంది. ఇంకా ఎక్కువైతే విరగకుండానే ఒడ్డుపైకి ఎగబ్రాకుతుంది. మన రెండు మీటర్ల, 16 సెకండ్ల కెరటాన్నే 50కి ఒకటి వాలుగల ఇసుకపై పంపితే సంఖ్య 0.28. ఐదుకు ఒకటి వాలుగల దిబ్బపై పంపితే 2.8. కెరటం అదే, నేల మాత్రమే మారింది.

తెయహుపోఓ కెరటంలో మరొక విచిత్రం ఉన్నది. అది లేవడానికి కావలసిన నీటిని తన ముందున్న దిబ్బపైనుండే లాగుకొంటుంది. అందువల్ల కెరటం ఎదుట నీటిమట్టం చుట్టుపక్కల సముద్రంకంటె కిందికి దిగిపోతుంది. వెనుకనుండి చూచేవారికి అది ఒక బలిసిన మిట్టవలె కనిపిస్తుంది; ముందునుండి చూచేవారికి గోతిలోనుండి లేచిన గోడవలె ఉంటుంది. పోటుపాట్లు కూడ ఇక్కడ సహాయపడవు. చంద్రునివల్ల కలిగే పోటు తాహితి ప్రాంతంలో దాదాపు శూన్యం. సూర్యునివల్ల కలిగేది మాత్రమే మిగిలి, ప్రతి దినం మధ్యాహ్నానికి, అర్ధరాత్రికి పోటు వస్తుంది. దాని ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. దిబ్బపై నీరు ఏ వేళనైనా పలుచనే.

ఐతే ఈ కెరటంపై స్వారీ అసలెట్లా సాధ్యమయింది? దిబ్బ తెగకుండ సాగి ఉంటే, గోడ అంతా ఒకేసారి కూలేది. కొండలనుండి వచ్చే ఏటి మంచినీరు కలిసేచోట పగడం పెరగదు. అక్కడ దిబ్బకు గండి పడి, లోతైన కాలువ ఏర్పడినది. కెరటం దిబ్బపై ఒక కొసనుండి విరగడం ప్రారంభించి, గండివైపు వరుసగా విరుగుతూ వచ్చి, లోతు నీరు తగలగానే అణగిపోతుంది. పలకమీది రౌతు ఆ విరుగుడుకు అడుగు ముందుగా ఉండి గండిలోనికి తప్పించుకోవాలి. అదే గండిలో పడవలు నిలుపుకొని చూపరులు, ఛాయాచిత్రకారులు కొద్ది మీటర్ల దూరంనుండి ఈ ప్రళయాన్ని పొడిబట్టలతో చూస్తారు!

రౌతుకు దొరికే వ్యవధి ఎంత? చేతులతో ఈది అతడు సాధించగల వేగం సెకండుకు రెండు మీటర్లలోపే. కెరటం అంతకు మూడు రెట్లు వేగంతో వస్తుంది. కాబట్టి గోడ నిటారయ్యే చోటనే, నిటారయ్యే క్షణంలోనే, పలక కిందికి జారాలి. మూడు మీటర్ల ఎత్తునుండి వంగిన పెదవి కింద పడడానికి పట్టేది 0.8 సెకండు. అంతలో లేచి నిలబడి పక్కకు తిరగాలి. ఆలస్యమైతే పెదవితో పాటే పడతాడు. ఒక ఘనమీటరు సముద్రపు నీరు వేయి కిలోగ్రాములకు పైగా తూగుతుంది. కింద పదునైన పగడం ఉన్నది. పడి బ్రతికినా, నురుగు నీటిలో సగం గాలి కలిసి ఉండడంచేత అది మనిషిని తేల్చదు, చేతికి పట్టు ఇవ్వదు. 16 సెకండ్లలో రెండవ కెరటం మీదికి వస్తుంది. 2000 సంవత్సరంలో స్థానికుడొకడు ఇట్లాగే దిబ్బకు కొట్టుకొని, మెడ విరిగి మరణించాడు. అదే సంవత్సరం ఆగస్టు 17న లెయర్డ్ హామిల్టన్ అనే హవాయి రౌతు, చేతులతో ఈది అందుకోవడం అసాధ్యమైన కెరటాన్ని, నీటిపై నడిచే మోటారుబండిచేత తాడుతో లాగించుకొని అందుకొన్నాడు. సమస్య వేగానిది, ఆయన వేగాన్ని అరువు తెచ్చుకొన్నాడు.

కాబట్టి ఇక్కడ అనుభవమంటే కండబలం కాదు. ఏ కెరటాన్ని వదలివేయాలో తెలియడమే అందులో పెద్దభాగం. కెరటాలు గుంపులుగా వస్తాయి. దగ్గర దగ్గర పౌనఃపున్యాలుగల రెండు శ్రుతిదండాలను మోగిస్తే ధ్వని హెచ్చి తగ్గినట్లు, సముద్రంలోనూ విస్పందనాలు కలుగుతాయి. మొదటి కెరటానికి ఆశపడి దిబ్బపై చిక్కినవాడు గుంపులో మిగిలినవాటిని తలపై భరించాలి. మరీ ఆగినా చిక్కే. 2024 ఆగస్టు 5న ఒలింపిక్ తుదిపోటీలో తాహితి యువకుడు కౌలి వాస్త్ మొదట్లోనే రెండు మంచి కెరటాలను పట్టాడు; ఆ పిమ్మట సముద్రం చల్లబడింది. ప్రత్యర్థి ఎదురుచూస్తూ ఉండగానే గడువు ముగిసి, వాస్త్‌కు స్వర్ణపతకం వచ్చింది. అతని నాడు ఈ విద్యకు కొత్తది కాదు. 1769లో కెప్టెన్ కుక్ ఓడతో వచ్చిన జోసెఫ్ బ్యాంక్స్, తాహితి ప్రజలు పాత పడవ ముక్కతో కెరటాలపై ఆడుకోవడం చూచి ఆశ్చర్యపడి వ్రాసుకొన్నాడు.

ఈ పోటీ కోసమే పల్లెలో పెద్ద గొడవ జరిగింది. న్యాయనిర్ణేతలు కూర్చొనడానికి దిబ్బపై అల్యూమినియం మంచె కట్టదలచారు. కెరటం ఆకారాన్ని తీర్చేది దిబ్బ ఆకారమే గనుక, దానిని తొలిస్తే కెరటం మారిపోతుందని రౌతులు భయపడ్డారు. బెస్తల భయం వేరు. చచ్చిన పగడంపై ఒక విధమైన సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. దాని విషం చిన్న చేపలనుండి పెద్ద చేపలకు, వాటినుండి మనుష్యులకు చేరుతుంది. 2023 అక్టోబరులో ప్రజలు నిరసన ఊరేగింపు తీశారు. మంచెను చిన్నదిగా, తేలికగా మార్చారు. అయినా డిసెంబరులో పరీక్ష కోసం తెచ్చిన బల్లకట్టు దిబ్బకు తగిలి పగడాలు విరిగాయి. పనిని కొంతకాలం ఆపి, దారి మార్చి, చివరకు మంచె కట్టారు. న్యాయనిర్ణేతలు దానిమీదనుండే మార్కులు వేశారు. బండలవలె పెరిగే పగడపు జాతులు ఏడాదికి లేచేది సుమారు ఒక సెంటీమీటరు.