రాత్రి పొలమునకు ఏ టార్చిలైటు?



సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను మన అనంతపురపు మెట్టసీమలో బోరునీరే బ్రదుకు. మోటారునకు విద్యుత్తు రాత్రివేళ వచ్చినచో, రాత్రివేళనే పొలమునకు బోక తప్పదు. రక్తపింజరయు, చిన్నపింజరయు, కట్లపామును సంచరించు వేళయు నదియే. కావున చేతిదీపము మనకు వేడుకవస్తువు గాదు, ప్రాణరక్షకము.

నేడు అంగళ్ళలో నున్నవి చాలవరకు ఎల్.ఇ.డి. దీపములు. పాత బల్బుకంటె ఇవి తక్కువ విద్యుత్తుతో హెచ్చు వెలుగు నిచ్చును. అయితే పెట్టెమీది ల్యూమెనుల అంకెను మాత్రమే చూచి కొనరాదు. ఆ అంకె దీపమునుండి వెలువడు మొత్తము వెలుగును దెలుపును గాని, అది ఎంత దూరము ప్రసరించునో తెలుపదు. మంచి దీపములపై దూరమును మీటర్లలో వేరుగ వ్రాయుదురు. వెలుగు పున్నమి వెన్నెలపాటికి తగ్గుచోటే ఆ దూరమునకు హద్దు. అచ్చట పాము కంటబడునని తలంపరాదు. ఇంక ఏ పనికి ఏ దీపమో వివరింతుము.

నడకకు: కాలిముందు వెడల్పుగ పరచుకొను వెలుగు కావలెను. 100 మొదలు 200 ల్యూమెనులు చాలును. వెలుగు సన్ననిదైనచో, గట్టుప్రక్క ఎండుటాకులలో కలిసిపోయి కదలక పడియున్న రక్తపింజర తప్పిపోవును.

స్టార్టరు డబ్బాయొద్ద: తలకు గట్టుకొను దీపము మేలు. చేతులు రెండును ఖాళీగ నుండును.

పంటకావలికి: వేరుసెనగ చేలలో అడవిపందులు పడునప్పుడును, కళ్యాణదుర్గము, రాయదుర్గము ప్రాంతములందు గుట్టలనుండి ఎలుగుబంట్లు దిగునప్పుడును దూరము బోవు వెలుగు వలయును. అది మృగమును దూరమునుండియే కనిపెట్టి తొలగిపోవుటకు గాని, వెంబడించుటకు గాదు. దూరము రెట్టింపు కావలెనన్న వెలుగు తీక్ష్ణత నాలుగింతలు కావలెను గనుక ఇట్టి దీపమునకు వెల యెక్కువ.

బ్యాటరీ విషయమున మేమును ఒకమారు మోసపోయితిమి. 18650 రకపు లిథియము బ్యాటరీపై 9,900 ఎం.ఎ.హెచ్. అని యుండగా నమ్మి కొంటిమి. గంట గడువకమునుపే వెలుగు మసకబారెను. ఆ పరిమాణపు మంచి బ్యాటరీలు సాధారణముగ 3,500 ప్రాంతమునకు మించవని పిదప తెలిసెను. లిథియము బ్యాటరీలను ఎండలో విడువరాదు. మామూలు సెల్లులను పనిలేనప్పుడు తీసి వేరుగ నుంచవలెను. లేనిచో అవి కారి దీపమును చెరచును.

ఒక్క దీపమునకే సొమ్మున్నవారు నడకకు తగినదానినే కొనవలెనని మా మనవి. చీకటిచోట వెలిగించి చూచినగాని సొమ్ము చెల్లింపకుడు. దీపమెంత మంచిదైనను కాళ్ళకు బూట్లు, చేత కర్ర విడువరాదు. పాము కరచినచో గాయమును కోయక, మంత్రములతో కాలహరణము చేయక, వెంటనే విషవిరుగుడు మందు లభించు ఆసుపత్రికి చేరవలెను.