కాగితపు విమానం ముక్కుపై ఎందుకు కూలుతుంది?

గత నెలలో విరామ సమయమున మన తరగతి బాలుడొకడు కాగితపు విమానాన్ని అయిదుమార్లు విసిరాడు. అయిదుమార్లూ అది నాలుగడుగులు పోయి ముక్కుపై కూలింది. ఆరవమారు విసరక, కన్నీళ్లు ఆపుకొంటూ దానిని నలిపి చెత్తబుట్టలో వేయబోయాడు. చేతినుండి తీసుకొని చూశాను. మడతలన్నీ చక్కగా ఉన్నాయి. లోపం వేరొకచోట ఉంది. అది తెలియాలంటే ముందు విమానం ఎలా తయారవుతుందో చూడాలి.

ఏ-4 కాగితం ఒకటి తీసుకోండి. దాని వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. నిలువుగా సగానికి మడిచి, మరల విప్పండి. నడుమ ఏర్పడిన గీతయే ఇకపై మనకు ఆధారం. పై మూలలు రెండింటినీ ఆ గీత వద్దకు మడిస్తే ఇంటికప్పు వంటి త్రిభుజం వస్తుంది. ఆ త్రిభుజం మొత్తాన్ని కిందికి మడవండి; ఇప్పుడది మూసిన కవరులా కనబడుతుంది. మరల పై మూలలను నడిమి గీతకు మడవండి. ఈసారి మాత్రం అవి త్రిభుజపు కొనకు రెండువేళ్ల వెడల్పు పైననే కలవాలి. ముక్కు మొద్దుగా వస్తుంది, రానివ్వండి. కింద తొంగిచూచే చిన్న కొనను పైకి మడిస్తే, అది గొళ్లెంలా ఆ మూలలను పట్టి ఉంచుతుంది. గొళ్లెం వెలుపలికి కనబడేలా విమానాన్ని సగానికి మడిచి, చేతితో పట్టుకొనుటకు రెండువేళ్ల వెడల్పు పొట్టను విడిచి, రెక్కలను ఒక్కొక్కటిగా దించండి. ప్రతి మడతనూ గోటితో గట్టిగా రుద్దాలి. ఆంధ్ర, తెలంగాణ పిల్లలు సన్నని ముక్కుగల విమానాన్ని రాకెట్టు అంటారు. అది వేగంగా పోతుంది గాని, గాలిలో ఎక్కువసేపు తేలడం ఈ మొద్దుముక్కుకే తెలుసు.

ఇన్ని మడతలు ముందువైపే ఎందుకు? బరువు కోసం. వస్తువు బరువంతా ఏ బిందువు వద్ద ఉన్నట్లు ప్రవర్తిస్తుందో దానిని గరిమనాభి అంటారు. రెండు చూపుడువేళ్లను రెక్కల కింద ఉంచి విమానాన్ని నిలపండి. ఎటూ ఒరగక నిలిచే చోటే గరిమనాభి. అది విమానం నడుమకు కొంత ముందుగా ఉండాలి. వెనుకకు జరిగితే ముక్కు పైకి లేస్తుంది, వేగం తగ్గుతుంది, రెక్కలకు గాలి ఆసరా తప్పి విమానం రాలుటాకువలె తొట్రుపడుతుంది. మరీ ముందుకు ఉంటే ముక్కు వాలి నేలకు దిగుతుంది.

ఆ బాలుని విమానానికి కలిగిన కష్టం ఈ రెండవదే. గట్టిగా విసిరితే పోతుందని అతడనుకొన్నాడు. కాని ఎంత గట్టిగా విసిరితే అంత గట్టిగా నేలను తాకింది. నేను రెక్కల వెనుక అంచులను రెండువైపులా సమంగా, బియ్యపుగింజంత ఎత్తు పైకి వంచాను. ఆ ఒంపు వెనుకకు పోయే గాలిని పైకి మళ్లిస్తుంది. ప్రతిగా గాలి తోకను కిందికి నెడుతుంది. తోక దిగితే ముక్కు లేస్తుంది. నిజమైన విమానాల తోకపై ఉండే ఎలివేటర్లనే కదిలే పలకలు చేసేదీ ఇదే. అతడు మెల్లగా విసిరాడు. విమానం గది దాటి నడవ చివరి తలుపును తాకింది!

ఒంపు ఎక్కువైతే విమానం పైకెగిరి వెనుకకు జారుతుంది, కొంచెం సరిచేయండి. కుడివైపు తిరిగిపోతుంటే ఎడమ రెక్క వెనుక అంచును మరికాస్త పైకి వంచండి. ఎదురుగా చూచినప్పుడు రెక్కలు వై అక్షరంలా కొద్దిగా పైకి లేచి ఉంటే విమానం పక్కకు ఒరిగినా తిరిగి సర్దుకొంటుంది. ఒకమారు ఒక్క మార్పే చేయండి; రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. పంకా ఆపివేయడం మరువకండి.

2022 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలో ఒక జట్టు విసిరిన కాగితపు విమానం 77.134 మీటర్లు ప్రయాణించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ జట్టులో మలేషియాకు చెందిన చీ యీ జియాన్ ఒకరు. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో ముగ్గురు ఇంజనీర్ల జట్టు దానిని 88.318 మీటర్లకు పెంచింది. క్రికెట్ పిచ్‌లు నాలుగు వరుసగా పరచినా ఆ దూరానికి చాలవు. వారు మడిచినదీ ఏ-4 కాగితమే.